స్ప్లెండర్ అమ్మకుండా పెద్ద బండి కొన్నాను, ఎందుకో చెబుతాను



ఇవాళ వరి గురించి కాదు, కొబ్బరి గురించీ కాదు. బండి గురించి. మూడు నెలల నుంచి కనబడ్డవాళ్ళందరూ ఇదే అడుగుతున్నారు, ఒక్కొక్కరికీ చెప్పలేక ఒకేసారి రాసేద్దామని కూర్చున్నాను. కొంచెం పెద్దదే అవుద్ది. ఓపికున్నవాళ్ళు చదవండి.

దసరా వెళ్ళిన వారానికి నేను 350 సీసీ బండి కొన్నాను. రాయల్ ఎన్‌ఫీల్డ్ వాళ్ళ మీటియర్. మా ఊళ్ళో ఆ పేరు ఎవరూ పలకరు, డుగుడుగుమంటే చాలు, అందరికీ అది బుల్లెట్టే. నేనూ దిద్దడం మానేశాను. "ఏం బాబాయ్, మళ్ళీ పెళ్ళిచూపులకా?" అని ఒకడు. "ఈ ఏడు కొబ్బరి బాగా పలికిందన్నమాట" అని ఇంకొకడు. టీ కొట్టు దగ్గర నా వెనకాల ఎవరో "రైతులు ఏడుస్తున్నారు ఏడుస్తున్నారు అంటారు, చూడండి, రెండు లక్షల బండెక్కి ఏడుస్తున్నారు" అన్నారంట. ఆ మాట నా దాకా మోసుకొచ్చినవాడికి టీ నేనే ఇప్పించాను.

ఇవన్నీ సరదా మాటలు. రాయాల్సొచ్చింది మాత్రం మా బావమరిది ఫోను వల్ల. వాడి కొడుకు ఇంటర్ రెండో సంవత్సరం. సంక్రాంతికి బుల్లెట్ కావాలంటున్నాడంట. మా వాడిది సొంతం అరెకరం, కౌలు మూడెకరాలు. "బావా, నువ్వే కొన్నావు కదా, నీకంటే తెలిసినోళ్ళెవరు? కొనమంటావా? మీ చెల్లెమ్మ గాజులు బ్యాంకులో పెడితే డౌను పేమెంటుకి వచ్చేస్తాది, మిగతాది ఫైనాన్సు" అన్నాడు. నేను కొన్న పాపానికి వాడింట్లో బంగారం బయటికి వస్తుందని నాకు ఆ నిమిషం దాకా తట్టలేదు. రెండు రోజులాగి చెబుతానన్నాను. ఇదిగో, ఇదే చెప్పడం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. చిన్న బండి నుంచి పెద్ద బండికి మారడాన్ని అందరూ ప్రమోషన్ లాగ చూస్తున్నారు. గుమస్తా మేనేజరైనట్టు. అది తప్పు. ఎద్దు ఉన్నవాడు గుర్రం కొనుక్కున్నట్టు అది. కొనుక్కోవచ్చు, తప్పులేదు. కాని ఎద్దు చేసే పని గుర్రం చెయ్యదు, ఎద్దుని తోలినవాడికి గుర్రపు స్వారీ రాదు. ఎద్దుని అమ్మేసి గుర్రాన్ని కొన్నవాడి సంగతి ఇంక చెప్పేదేముంది.

ముందు ఎద్దు గురించి.

నాది 2004 స్ప్లెండర్. టాంకీ మీద ఇంకా హీరో హోండా అనే ఉంటుంది, ఆ రెండు కంపెనీలూ విడిపోయి పదిహేనేళ్ళవుతున్నా. దానికి ముందు సెకండ్ హ్యాండ్ లూనా ఒకటి ఉండేది, దాన్ని తొక్కిందే ఎక్కువ, ఎక్కింది తక్కువ. 2004లో దాళ్వా ధాన్యం డబ్బులొచ్చాక రాజోలులో స్ప్లెండర్ తీసుకున్నాను. అప్పటికి మా ఊళ్ళో సీడీ 100లు చాలానే ఉన్నాయి. 1985లో ఆ సీడీ 100 వచ్చాకే కదండీ మోటారు సైకిలు అనేది మనలాంటోళ్ళ గుమ్మంలోకొచ్చింది! అంతకు ముందు రాజ్‌దూత్‌కీ ఎజ్డీకీ పెట్రోలు పోయించడం మనవల్లయ్యే పని కాదు.

ఈ 21 ఏళ్ళలో ఆ స్ప్లెండర్ మొయ్యనిది లేదు. యూరియా బస్తాలు, గడ్డి మోపులు, ఒలిచిన కాయల గోనెలు, మందు కొట్టే మిషను, పురుటికి వచ్చిన అమ్మాయి సామాను. మా నాన్నగారిని అమలాపురం ఆసుపత్రికి తీసుకెళ్ళిన రోజు, మధ్యలో ఆయన, వెనకాల పట్టుకుని మా తమ్ముడు. 2011లో మన కోనసీమ రైతులందరం సార్వా ఎయ్యకుండా పంట విరామం చేశామే, ఆ ఏడు ఆ బండి మీదే నేను అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారి దగ్గర లెక్కలు రాసే పనికి వెళ్ళి వచ్చేవాణ్ణి. పదిహేనేళ్ళు నిండాక ఒకసారి, మళ్ళీ ఐదేళ్ళకి ఇంకోసారి ఆర్సీ రెన్యువల్ చేయించాను. కొత్త బండి కొన్న షోరూములో ఎక్స్ఛేంజి కింద దానికి ఇస్తామన్న ధర నేను ఇక్కడ రాయను. బండికి అవమానం.

మరి అంత బంగారం లాంటి బండి ఉండగా ఇంకోటి ఎందుకు? నిజం చెబుతాను. రెండు కారణాలు. ఒకటి పైకి చెప్పుకునేది, ఒకటి లోపలిది.

లోపలిది చిన్నప్పటిది. మా ఊళ్ళో ఒకే ఒక బుల్లెట్ ఉండేది, రైస్ మిల్లాయనది. ఆయన వంతెన దగ్గర ఉండగానే మా వీధిలో పిల్లలందరికీ తెలిసిపోయేది. ఆ బండికి గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. స్టార్టు చెయ్యడం ఒక పూజ. ఎడమచేతి దగ్గర చిన్న లీవరు నొక్కి, ఆంపియర్ మీటరులో ముల్లు మధ్యకొచ్చేదాకా కిక్కు మెల్లగా దింపి, అప్పుడు ఒక్క తన్ను. ముల్లు చూడకుండా తన్నినవాడి కాలు వెనక్కి కొట్టేసేది. ఇంగ్లండు బండే అయినా 1955 నుంచీ మద్రాసులో తయారవుతూ వచ్చింది. ఇంగ్లండులో తయారీ 1970లో ఆగిపోయింది గాని మన దగ్గర నిలబడింది. అందుకే నాకు అది విదేశీ బండిలా ఎప్పుడూ అనిపించలేదు. మిల్లాయన బండి తుడిచే అవకాశం కోసం నేనూ ఇంకో ఇద్దరం పోటీ పడేవాళ్ళం. ఒక్కసారి కూడా ఎక్కించలేదు మహానుభావుడు. 2021లో ‘బుల్లెట్టు బండి’ పాట వచ్చి, మంచిర్యాల వైపు ఒక పెళ్ళికూతురు బరాత్‌లో దానికి ఆడిన వీడియో ఊరూరా తిరిగినప్పుడు మా అమ్మాయి నాకు పంపి "నాన్నా, నీ బండి" అని రాసింది. ఇంట్లో అందరికీ తెలుసన్నమాట నా సంగతి.

పైకి చెప్పుకునే కారణం మా ఇంటావిడ నడుము. అమ్మాయిని భీమవరం ఇచ్చాం. రాజోలు నుంచి దిండి, చించినాడ వంతెన దాటి పాలకొల్లు మీదుగా గంట పైన ప్రయాణం. స్ప్లెండర్ వెనక సీటు మీద అంతసేపు కూర్చుంటే దిగాక ఆవిడ పది నిమిషాలు నిటారుగా నిలబడలేకపోతోంది. బస్సంటే మారాలి. కారు మన వల్ల కాదు. నాకూ ఏభైనాలుగు. ముందుకి వంగి కూర్చుంటే మెడ పట్టేస్తోంది. కాళ్ళు ముందుకి చాపుకుని, వెన్ను నిటారుగా పెట్టుకుని కూర్చునే బండి అయితే ఇద్దరికీ బాగుంటుందనుకున్నాను.

పోయిన సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ వరకు బండ్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది. 350 దాటితే 40. ఈ కంపెనీ 350లన్నీ నిజానికి 349 సీసీ, గీత దాటకుండా గట్టు మీద నిలబడ్డాయి. పది శాతం తగ్గిందని అందరూ సంబరపడ్డారు గాని లెక్క చూడండి. వంద రూపాయల సరుకు 128 ఉండేది, 118 అయ్యింది. 128లో పది తగ్గితే నూటికి ఎనిమిది కూడా కాదు. అయినా రెండు లక్షల చుట్టూ ఉన్న బండికి అది చిన్న మొత్తం కాదులెండి. కొబ్బరి రేటు కూడా బాగున్న ఏడాది, రెండు దింపులు వరసగా చేతికందాయి. అప్పు చెయ్యలేదు. ఈ ముక్క బావమరిది కోసం మళ్ళీ రాస్తాను: అప్పు చెయ్యలేదు.

షోరూములో మూడు రకాలు ఎక్కి చూశాను. బుల్లెట్, క్లాసిక్ సీటు ఎత్తు 805 మిల్లీమీటర్లు. నేను ఐదడుగుల నాలుగంగుళాలు. మడమలు ఆనలేదు, మునివేళ్ళ మీద నిలబడ్డాను. మీటియర్ సీటు 765. పాదం మొత్తం నేలకి ఆనింది. రంగులు, శబ్దం, అద్దంలో మనం ఎలా కనబడుతున్నాం, ఇవన్నీ తర్వాత. కూర్చున్నాక రెండు పాదాలూ పూర్తిగా నేలకి ఆనకపోతే ఆ బండి మనది కాదు, అంతే. మన రోడ్ల మీద ఎక్కడ కాలు పెట్టాల్సి వస్తుందో ఎవరికి తెలుసు.

ఇంక బరువు. ఇప్పుడొచ్చే స్ప్లెండర్ ప్లస్ 112 కిలోలు. మీటియర్ 191. తేడా 79. మన గోదావరి జిల్లాల్లో ధాన్యం బస్తా 75 కిలోలు కదా. అంటే స్ప్లెండర్ మీద ఎప్పుడూ దింపని ఒక బస్తా వేసుకుని తిరిగినట్టు. రోడ్డు మీద పోతున్నంతసేపూ ఆ బస్తా ఉన్నట్టే తెలియదు, ఇంకా నిబ్బరంగా ఉంటుంది, గాలికి ఊగదు, చించినాడ వంతెన మీద పక్క నుంచి లారీ పోయినా బెదరదు. ఆగినప్పుడు తెలుస్తుంది. తిప్పేటప్పుడు తెలుస్తుంది. పడబోయేటప్పుడు ఇంకా బాగా తెలుస్తుంది.

పడ్డాం మరి. కొన్న తొమ్మిదో రోజు. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది గాని ఇది చెప్పకపోతే మిగతాదంతా రాసి ఉపయోగం లేదు.

దీంట్లో ఒక కిటుకుంది, ఏ షోరూము కుర్రాడూ నాకు గట్టిగా చెప్పలేదు. స్ప్లెండర్‌కి గేర్లన్నీ ముందుకి తొక్కడమే. మునికాలితో తొక్కితే ఒకటి, రెండు, మూడు, నాలుగు. వెనక మడమతో తొక్కితే తగ్గుతుంది. ఈ పెద్ద బండికి ఒకటో గేరు మాత్రమే మునికాలితో కిందకి, తర్వాతవన్నీ మడమతో. అంటే మునికాలితో తొక్కితే గేరు తగ్గుతుంది. సరిగ్గా తలకిందులు! తెలుసుకోవడానికి ఒక నిమిషం చాలు. కాని 21 ఏళ్ళు రోజుకి వందసార్లు తొక్కిన కాలికి ఎవరు చెబుతారు? కాలికి చెవులుండవు కదండీ.

దీపావళికి ముందు, వాన వెలిసిన సాయంత్రం. మెయిన్ రోడ్డు నుంచి మా ఇంటికి కాలవ గట్టు మీద కిలోమీటరున్నర. ఒక పక్క కాలవ, ఇంకో పక్క నీరు నిలిచిన చేలు. మట్టి జిగటగా ఉంది. మా ఇంటావిడ వెనకాల ఒకవైపుగా కూర్చుంది, చేతిలో సంచి. రెండో గేరులో మెల్లగానే వస్తున్నాను. ఎదర కొంచెం గట్టి నేల కనబడింది, మూడో గేరు వేద్దామని అలవాటు ప్రకారం మునికాలితో తొక్కాను. పడింది ఒకటోది. బండి ఎవరో వెనక్కి పట్టి లాగినట్టు కుదిపింది, వెనక చక్రం పక్కకి జారింది. స్ప్లెండర్ అయితే ఎడమకాలు ఆనించి నిలబెట్టేసేవాణ్ణి, వందసార్లు నిలబెట్టాను. అదే చేశాను. కాలు ఆనింది గాని ఆ పదును మట్టిలో దిగబడింది, బండి బరువు, ఎడమవైపు కూర్చున్న మనిషి బరువు కలిపి నా మీదకొచ్చాయి. ఆగలేదు. చేను వైపు పడ్డాం, అదే అదృష్టం. కాలవ వైపైతే ఈ పోస్టు ఉండేది కాదు.

నాకేమీ కాలేదు. ఆవిడకి కుడి మణికట్టు బెణికి వాచిపోయింది, మోచెయ్యి చెక్కుకుపోయింది. ఒక్క మాట అనలేదండీ. లేచి, సంచిలోంచి పడిపోయిన వంకాయలు ఏరుకుని, చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని ఇంటికి నడిచి వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది. నేను బండి లేపడానికి చూస్తే కదల్లేదు. అటు పోతున్న ఇద్దరు కుర్రాళ్ళొచ్చి పట్టారు. మణికట్టుకి పదిహేను రోజులు కట్టు. ఆ పదిహేను రోజులూ పాలు పితకడం, వంట నీళ్ళు తోడడం నా పని. పొరుగామె వచ్చి కూర చేసి పెడుతూ నా వైపు ఒక చూపు చూసేది, దాని గురించి రాయలేను.

ఆ తర్వాత ఆవిడ ఆ బండి ఎక్కనంది. "మీరు తిరగండి, నేను వద్దనను. నన్ను మాత్రం రమ్మనకండి." అంతే. ఎవరి నడుము కోసం కొన్నానని ఊరంతా చెప్పుకున్నానో ఆవిడే ఎక్కనంటే, ఇంక ఆ బండి దేనికి?

అప్పుడు బుద్ధి తెచ్చుకుని మళ్ళీ ఒకటో తరగతి నుంచి మొదలుపెట్టాను. హైస్కూలు గ్రౌండులో తెల్లవారుజామున, ఎవరూ చూడకుండా. ఇరవై రోజులు. గేరు మార్చేముందు నోటితో పైకి "మడమ, మడమ" అనుకుంటూ. ఎనిమిది అంకె వేస్తూ తిప్పడం. ఆగేముందు చూపు ఎక్కడ పెట్టాలి, కాలు ఎక్కడ పెట్టాలి. డిస్కు బ్రేకు రెండు వేళ్ళతో మెల్లగా పిండడం. స్ప్లెండర్ డ్రమ్ము బ్రేకుకి నొక్కినంత బలంగా దీనికి నొక్కితే ముందుకి తలవంచుతుంది. ఏబీఎస్ ఉంది కాబట్టి చక్రం బిగుసుకోదు గాని, తిరగేటప్పుడు బిగించి పట్టుకుంటే బండి నిలువునా పడుకుంటుంది. పడ్డ బండిని లేపడం కూడా నేర్చుకున్నాను. బండి వైపు వీపు పెట్టి, పిరుదులు సీటుకి ఆనించి, ఒక చేత్తో హ్యాండిలు, ఇంకో చేత్తో వెనక కడ్డీ పట్టుకుని, నడుముతో కాకుండా కాళ్ళ బలంతో వెనక్కి నడవాలి. బస్తా లేపినట్టు ముందుకి వంగి లాగితే నడుము పోతుంది, బండి లేవదు. ఇప్పుడు ఒక్కణ్ణే లేపగలను. ఆ పని చెయ్యలేని మనిషి ఆ బండి కొనకూడదని నా లెక్క, వయసు ఇరవై అయినా అరవై అయినా.

ఇది జరుగుతుండగానే తుపాను. అక్టోబరు 28 రాత్రి మొంథా మన తీరం దాటింది. తెల్లారేసరికి గట్టు మీద మూడు చోట్ల చెట్లు అడ్డం పడి ఉన్నాయి, కరెంటు లేదు, సార్వా చేను గింజ పాలు పోసుకునే దశలో ఒరిగిపోయింది. నీళ్ళు తీసెయ్యకపోతే మిగతాదీ పోతుంది. స్ప్లెండర్ తీశాను. మొదటి చెట్టు దగ్గర నేనూ మా పాలేరూ చెరో వైపు పట్టుకుని బండి ఎత్తి దుంగ అవతల పెట్టాం. రెండోదానికి పక్కనుంచి చేలో దింపి తోసుకెళ్ళాం. మూడోదాని దగ్గర వదిలేసి నడిచాం. మధ్యాహ్నానికి మురుగు బోదె తెగ్గొట్టి నీళ్ళు తీశాం. పెద్ద బండి ఆ నాలుగు రోజులూ వరండాలో పరదా కప్పుకుని కొత్త పెళ్ళికూతురులా కూర్చుంది. దాని తప్పేమీ లేదు, దాని పని అది కాదు. అప్పటికి నేను స్ప్లెండర్ ఎక్స్ఛేంజి ఇచ్చేసి ఉంటే? తలుచుకుంటే ఇప్పటికీ గుండె జారుద్ది.

పెద్ద బండి మన ప్రాంతంలో ఇంకా కొన్నిచోట్ల ఇబ్బందే. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కించాలంటే చూడండి. స్ప్లెండర్ని ఒంటిచేత్తో దింపుకుని, ఇరుకులో పక్కకి జరిపి, నరసాపురం గట్టున మళ్ళీ వెనక్కి లాగేసుకుంటాం. 191 కిలోల బండిని పంటు మీద వెనక్కి తోయడం ఒక మనిషి పని కాదు, అవతలివాళ్ళని "బాబ్బాబూ, ఒక చెయ్యి వెయ్యండి" అని బతిమాలాలి. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం కూడా ఆరున్నర అంగుళాలు ఎక్కువ, ఇరుకు సందులో ఒక్క తిప్పుకి తిరగదు. తోటలో నిలిపితే సైడ్ స్టాండు దిగబడిపోతుంది. కొబ్బరి డొక్క కింద పెడితే స్ప్లెండర్‌కి సరిపోయేది, దీనికి పలక ముక్కో రాయో కావాలి. పెట్రోలు కూడా రాసేస్తాను. స్ప్లెండర్ నాకు లీటరుకి 60 ఇస్తోంది, ఇది 35 లోపే. నెలకి 900 కిలోమీటర్లు తిరిగితే 15 లీటర్ల చోట 26 లీటర్లు. లీటరు 110 దగ్గర ఉంది, అంటే నెలకి పన్నెండొందలు పైన అదనం. థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు 2022 నుంచి ఉన్న రేటు ప్రకారం ఏడాదికి 714 బదులు 1366. నేను దీని మీద నెలకి 300 కిలోమీటర్లు దాటను కాబట్టి సరిపోతోంది.

లాభాలూ చెప్పాలి కదా. నేషనల్ హైవే 216 మీద పొద్దున్నే అమలాపురం వైపు పోతుంటే, పాశర్లపూడి వంతెన మీద కింద వైనతేయ, ఎదర ఎండ, ఇంజను కింద మెల్లగా కొట్టుకుంటూ... ఏభై ఏళ్ళ కిందట బండి తుడవడానికి పోటీపడ్డ పిల్లాడు లోపల కూర్చుని ఉంటాడు. దీనికి లెక్క కట్టలేను. రైతు కొన్న ప్రతిదీ పనికొచ్చేదే అయ్యుండాలా? ట్రాక్టరు కొంటే మెచ్చుకుంటారు, మోటారు కొంటే మెచ్చుకుంటారు, తనకోసం ఒక్కటి కొనుక్కుంటే "రైతుకి ఎందుకు" అంటారు. ఉద్యోగస్తుడు రిటైరయ్యాక బుల్లెట్ మీద తిరిగితే "భలే సరదా మనిషి" అని ఫొటో తీస్తారు. టీ కొట్టు దగ్గర మాటన్న పెద్దమనిషికి నా జవాబు ఇంతే.

ఇంకో విచిత్రం. నేను ఏళ్ళ తరబడి పనిమీద వెళ్ళే ఒక ఆఫీసుంది, పేరెందుకు. స్ప్లెండర్ మీద వెళ్తే "ఏమయ్యా, తర్వాత రా" అనేవారు. ఈ బండి గుమ్మం ముందు ఆపి దిగితే "ఏమండీ, కూర్చోండి" అన్నారు. మనిషి నేనే, కాయితం అదే, చొక్కా కూడా అదే. నాకు సంతోషం వెయ్యలేదు, ఒళ్ళు మండింది. మర్నాడు కావాలని స్ప్లెండర్ మీదే వెళ్ళాను.

ఇప్పుడు బావమరిదికి.

ఒరేయ్, ముందు చట్టం సంగతి. నీ కొడుక్కి 18 నిండేది ఏప్రిల్‌లో. అప్పటిదాకా గేరు బండికి లైసెన్సే రాదు. మైనరు పిల్లాడు నడుపుతూ దొరికితే 2019లో మార్చిన చట్టం ప్రకారం బండి ఇచ్చిన తండ్రికి 25 వేలు జరిమానా, మూడేళ్ళ దాకా జైలు కూడా రాసుంది. సంక్రాంతికి కొంటే ఏప్రిల్ దాకా పరదా కప్పి దాస్తాడా? దాచడు. నువ్వూ ఆపలేవు.

రెండోది డబ్బు. పండగ వెళ్ళగానే దాళ్వా ఊడ్పులు, ఎరువులు, కూలీలు. చెల్లెమ్మ గాజులు నీకు ప్రతి ఏడూ ఆ పెట్టుబడికే ఆధారం, నాకు తెలుసు. గాజులు బండికి పెడితే దాళ్వాకి వడ్డీ వ్యాపారి దగ్గరికి పోవాలి. తుపానుకి సార్వా ఎంత పోయిందో నువ్వే నాకు చెప్పి ఏడ్చావు. పైన నెలనెలా ఫైనాన్సు కిస్తీ. కౌలు చేను నెలనెలా డబ్బులివ్వదురా, ఏడాదికి రెండుసార్లు ఇస్తుంది, అదీ గాలివాన దయతలిస్తే.

మూడోది అన్నిటికంటే పెద్దది. 21 ఏళ్ళు బండి నడిపిన నేనే తొమ్మిదో రోజు మీ అక్కని చేలో పడేశాను. అసలు బండే రానివాడు మొదటిరోజే దీని మీద కూర్చుంటే వాడికి తప్పు చేసే చోటు లేదు. చిన్న బండి తప్పు చేస్తే కాలు ఆనించి ఆపుకునే వీలిస్తుంది, అలా ఆపుకుంటూ ఆపుకుంటూనే మనమందరం నేర్చుకున్నాం. ఇది ఆ వీలివ్వదు. ఇంజను లాగే బలం కూడా స్ప్లెండర్‌కి మూడింతలు పైన. కుర్రాడి చేతిలో పిడికిలి బిగిసిందంటే గట్టు అయిపోయేది ఎప్పుడో వాడికే తెలియదు.

మీ వాడితో నేను మాట్లాడతాను. "మావయ్యా, నువ్వు మాత్రం కొనుక్కుని నన్ను వద్దంటావా" అంటాడు, తెలుసు. అనాలి కూడా. వాడికి చెప్పేదిదే. ఏప్రిల్‌లో లైసెన్సు తెచ్చుకో. ఒక మంచి సెకండ్ హ్యాండ్ 100 సీసీ బండి నేను చూసిపెడతాను, అందులో సగం డబ్బు నాది. నా స్ప్లెండర్ మాత్రం అడగొద్దు, ఇవ్వను. రెండేళ్ళు వానలో, బురదలో, పంటు మీద, రాత్రిపూట నడుపు. వెనకాల మీ అమ్మని కూర్చోబెట్టుకుని నడుపు, ఆవిడ భయపడకుండా కూర్చుందంటే నీకు బండి వచ్చినట్టు. ఈలోగా నా దాని మీద మోజుంటే ఆదివారం పొద్దున్న హైస్కూలు గ్రౌండుకి రా, నేను వెనకాల కూర్చుంటాను. పడేస్తే లేపాల్సింది నువ్వే.

గాజులు బ్యాంకుకి తీసుకెళ్ళకు. పండక్కి వస్తారు కదా, చెల్లెమ్మ చేతికి అవి కనబడాలి.

ఇంక మా ఇంటి సంగతి అడిగేవాళ్ళ కోసం. వెనకసీటు ఆనుకునే కడ్డీ ఉంటే చీర కట్టుకున్నవాళ్ళు ఒకవైపుగా కూర్చోవడానికి అడ్డమొస్తోందని దాన్ని తీయించేశాను. చీర గార్డు పెట్టించి, పక్కకి కాళ్ళు పెట్టుకునే ఫుట్ రెస్టు వెడల్పుది వేయించాను. ఆవిడకి హెల్మెట్టు కొన్నాను. ఏమీ చెప్పకుండా వరండాలో పెట్టాను. వారం దాకా అది అక్కడే ఉంది. మొన్న చూస్తే కొబ్బరినూనె సీసా పక్కన అలమారలో ఉంది.

నిన్న రాత్రి అన్నం వడ్డిస్తూ అంది, "భోగి ముందురోజు అమ్మాయిని తీసుకురావడానికి వెళ్ళాలి కదా. గట్టు మీద మీరు ముందు బండి తీసుకుపోండి. నేను నడిచి వస్తాను. మెయిన్ రోడ్డు మీద ఎక్కుతాను."

కిలోమీటరున్నర నడుస్తానంటోంది. సరేనన్నాను.